ఏది మండించాలి, ఎంత దూరం నుంచి తేవాలి

శ్రోతలకు నమస్కారం.

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండే రైతు పొయ్యిలోకి కట్టెలు కొనుక్కోడు. చెరకు ఆడగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పెనం కింద మండిస్తాడు. చక్కెర ఫ్యాక్టరీ కూడా అదే పని పెద్ద ఎత్తున చేస్తుంది. వంద టన్నుల చెరకు ఆడితే సుమారు 30 టన్నుల పిప్పి వస్తుంది. అందులో సగం తేమే అయినా బాయిలర్‌లో చక్కగా మండుతుంది. ఆ వేడికి నీళ్లు ఆవిరై కరెంటు పుట్టించే టర్బైన్‌ను తిప్పుతాయి. టర్బైన్ తిప్పిన ఆవిరి వృథాగా పోదు, దానితోనే చెరకు రసం కాస్తారు. ఫ్యాక్టరీ అవసరాలు తీరగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు. పిప్పి, గడ్డి, ఊక లాంటి మొక్కల, జీవుల వ్యర్థాలనే బయోమాస్ అంటారు. మన దేశంలో బయోమాస్ విద్యుత్తులో ఎక్కువ భాగం ఇలా పిప్పి నుంచి వస్తున్నదే.

మరి ఆ పొగలో బొగ్గుపులుసు వాయువు ఉండదా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. కాకపోతే అది ఆ చెరకు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే. మళ్లీ నాటిన తోట తిరిగి పీల్చుకుంటుంది. బొగ్గు సంగతి అలా కాదు. కోట్ల ఏళ్లుగా భూమిలో ఉండిపోయిన దాన్ని తవ్వి గాలిలో కలుపుతున్నాం. ఇంకో మేలు, ఇంధనం నిల్వ ఉంటే రాత్రిపూటా, మబ్బు పట్టినప్పుడూ కరెంటు తీయవచ్చు.

చిక్కు ఎక్కడంటే ఆ నిల్వ దగ్గరే. చెరకు ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. అసలు ఫ్యాక్టరీయే ఆగిపోతే పిప్పి ఎక్కడిది? తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు మూతపడటం మనం చూశాం. వాటితో రైతుకు చెరకు అమ్ముకునే దారి పోయింది, దాంతోపాటే ఈ ఇంధనమూ పోయింది.

పిప్పి లేకపోతే బయటి నుంచి తెచ్చుకోవాలి. ఒక్క మెగావాట్ బయోమాస్ ప్లాంటు ఏడాది పొడవునా నడవాలంటే దాదాపు 8 వేల నుంచి 10 వేల టన్నుల ఇంధనం కావాలి. విడి గడ్డి లారీ నిండా కనిపిస్తుంది గాని బరువు తూగదు. అందుకే గట్టిగా నొక్కి పెల్లెట్లు అనే చిన్న గుళికలు చేస్తారు, దానికి మళ్లీ కరెంటు ఖర్చు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కేంద్రాల్లో 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలపాలనే విధానం తెచ్చింది. పరవాడ దగ్గర సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే రోజుకు సుమారు 30 వేల టన్నుల బొగ్గు పడుతుంది. అందులో 5 శాతం అంటే 1500 టన్నులు. పది టన్నుల లారీలైతే రోజూ 150 రావాలి. అవి ఏ ఊళ్ల నుంచి వస్తాయి, ఎంత డీజిల్ తాగుతాయి అన్నది కూడా లెక్కలో పడాలి కదా!

పంజాబ్, హర్యానాల్లో పొలంలోనే తగలబెట్టే గడ్డిని ఇలా వాడితే రెండు విధాలా లాభం. మన ఉత్తరాంధ్రలో వరిగడ్డి చెత్త కాదు, పశువుల మేత. ప్లాంటు మంచి ధర పెట్టి కొనుక్కుపోతే పాడి రైతుకు గడ్డి ధర పెరుగుతుంది. ఈ మాట కరెంటు లెక్కల్లో ఎక్కడా కనిపించదు, అదే నన్ను బాధపెడుతుంది. పైగా గడ్డిలో ఉండే పొటాషియం, క్లోరిన్ బాయిలర్ గొట్టాలకు మడ్డిలా అంటుకుని వాటిని తినేస్తాయి. ఊక ఇంతకంటే నయం. బూడిద మాత్రం దాదాపు ఐదో వంతు మిగులుతుంది. ఎక్కువగా సిలికా కాబట్టి సిమెంటుకు, ఇటుకలకు పనికొస్తుంది. అలా వాడకుండా ఊరి పక్కన కుప్ప పోస్తే గాలికి ఇళ్లలోకి వస్తుంది.

సరుగుడు తోటలు నరికి మండించడం నాకు ఇష్టం లేదు. మిగిలిపోయింది వాడుకోవడం వేరు, మండించడానికే భూమిని, నీటిని కేటాయించడం వేరు. పొగలోని దుమ్మును పట్టే పరికరాలు సరిగా పని చేయకపోతే, కొండల నడుమ ఉన్న విశాఖలో ఆ దుమ్ము తొందరగా చెదిరిపోదు కూడా.

నగరంలో మనకు దొరికే బయోమాస్ వేరే ఉంది. రైతుబజార్లో మిగిలే ఆకులు, కుళ్లిన కూరగాయలు, మన వంటింటి తడి చెత్త. వీటిలో దాదాపు ముప్పాతిక వంతు నీళ్లే, కాల్చితే వేడిలో చాలా భాగం ఆ నీళ్లు ఆర్చడానికే పోతుంది. గాలి చొరని తొట్టిలో మురగబెడితే మాత్రం మీథేన్ అనే మండే వాయువు వస్తుంది, దానితో జనరేటర్ నడపవచ్చు. మిగిలిన జావ పొలానికి ఎరువు. ప్లాస్టిక్ కలిస్తే ఈ పని సాగదు. అందుకే తడి చెత్త వేరుగా ఇవ్వమని అడుగుతున్నారు.

మీ ఊరికి బయోమాస్ ప్లాంటు వస్తుందంటే గ్రామసభలో మూడు సంగతులు అడగండి. ఇంధనం ఎన్ని కిలోమీటర్ల లోపల దొరుకుతుంది? ఇప్పుడు దాన్ని ఎవరు వాడుకుంటున్నారు? బూడిద ఎక్కడ వేస్తారు? జవాబులు కాగితం మీద తీసుకోండి.

సెలవు, నమస్కారం.