కుదించేటప్పుడు పైనుంచి, పెంచేటప్పుడు కిందినుంచి

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. లినక్స్‌లో మిర్రర్ చేసిన, అంటే ఒకే డేటాని రెండిటిలోనూ రాసే డిస్కుల మీద పార్టిషన్ల సైజు మార్చడం గురించి మాట్లాడమన్నారు. పెంచడంతో మొదలుపెడదామనే వచ్చాను. కానీ ముందు ఒక రాత్రి సంగతి చెప్పకపోతే నాకు మాట సాగదు.

ఒక ఆఫీసు సర్వర్. రెండు డిస్కులు, రెయిడ్ 1 అంటే మిర్రర్, దానిపైన ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. మిర్రర్‌ని కాస్త చిన్నది చేసి, మిగిలిన జాగా వేరే పనికి వాడుకోవాలి. అన్‌మౌంట్ చేసి, మిర్రర్‌ని నడిపే ఎండీఆడమ్‌లో కొత్త సైజు ఇచ్చాను. అభ్యంతరం చెప్పకుండా కుదించేసింది. లోపలున్న ఫైల్‌సిస్టమ్‌ని ముందు కుదించాలని నాకప్పుడు తోచలేదు. మౌంట్ కాలేదు. టెన్షన్‌లో, ఫైల్‌సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపాను. ఫైల్‌సిస్టమ్ ఇన్ని బ్లాకులంటోంది, డివైజ్‌లో అన్ని లేవు, ఆపేయనా అని అడిగింది. వద్దని 'ఎన్' నొక్కాను. ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ 'వై' నొక్కుతూ పోయాను.

ఆ ఒక్క 'ఎన్' గురించే ఇవాళ వచ్చాను. అక్కడ ఆగి, మిర్రర్‌ని పాత సైజుకి తిరిగి పెంచి ఉంటే డేటా అంతా ఉండేది. కోసేసిన భాగంలోని బ్లాకుల్ని అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. తెల్లారేసరికి, చోటు తెలియని ఫైళ్లని ఎఫ్ఎస్‌సీకే పడేసే లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు పోయి, అంకెలు మాత్రమే మిగిలిన ఫైళ్లు చూస్తూ కూర్చున్నాను.

"మిర్రర్ ఉంది కదా" అన్నారందరూ. ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోనూ మసే కనిపిస్తుంది. డిస్కు చెడితే మిర్రర్ కాపాడుతుంది, మన చేతి తప్పునైతే రెండు డిస్కుల్లోనూ రాస్తుంది. బ్యాకప్ లేకుండా సైజు జోలికి వెళ్లకండి, దయచేసి.

కుదించాలంటే అన్‌మౌంట్ చేసి, ఎఫ్ఎస్‌సీకేని బలవంతంగా నడిపి, రీసైజ్‌టూఎఫ్ఎస్‌తో ఫైల్‌సిస్టమ్‌ని అనుకున్నదానికంటే ఇంకాస్త చిన్నది చేయండి. తర్వాత ఎండీఆడమ్‌లో అరే సైజ్ ఆప్షన్ ఇచ్చి చూడండి. అది తాత్కాలికం, అరేని, అంటే మిర్రర్‌ని, ఆపి మళ్లీ పైకి తెస్తే పోతుంది. ఫైల్‌సిస్టమ్ సరిగ్గా చదవగలిగితేనే అసలు సైజు మార్చండి. చివర్లో రీసైజ్‌టూఎఫ్ఎస్‌ని సైజు చెప్పకుండా నడిపితే మిగిలిన సందు నిండుతుంది. పార్టిషన్ టేబుల్ అన్నిటికంటే ఆఖరు. మీ ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయితే కుదించడం మాట మర్చిపోండి. కాపీ తీసుకుని మళ్లీ సృష్టించుకోవడమే.

పెంచడం తేలిక. ఒక డిస్కు తీసి పెద్దది పెట్టండి. మిర్రర్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో, బాగున్న డిస్కుకొకటి చొప్పున, రెండు 'యూ'లూ కనబడేదాకా రెండోదాని మీద చెయ్యి వేయకండి. ఒక 'యూ' పక్కన గీత ఉన్నంతసేపూ మీ దగ్గరున్నది ఒక్క డిస్కే. ఆ కొత్త డిస్కులో సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ వేశారా? ఇది చాలామంది మరిచిపోతారు. రెండూ మార్చాక ఎండీఆడమ్‌లో సైజ్ మ్యాక్స్ ఇవ్వండి, ఆపైన ఫైల్‌సిస్టమ్‌ని పెంచండి. డిస్కు మార్చకుండా పార్టిషన్‌నే సాగదీస్తున్నారా, మిర్రర్ తన వివరాలు రాసుకునే మెటాడేటా వెర్షన్ చూడండి. 0.90, 1.0 పార్టిషన్ చివర్లో ఉంటాయి. చివర జరిగితే వెతికిన చోట అది దొరకదు. 1.2 అయితే మొదటి నుంచి 4 కిలోబైట్ల దగ్గరే ఉంటుంది.

ఇంకా చెప్పాల్సింది ఉంది, టైమ్ లేదు. ల్యాప్‌టాప్ తెచ్చిన వాళ్లు తెరవండి. రెండు ఖాళీ ఫైళ్లు చేసి, డిస్కుల్లా పనిచేసే లూప్ డివైజ్‌లుగా పెట్టి, వాటితో మిర్రర్ కట్టండి. నేను చేసిన తప్పే ఇప్పుడు మీరూ చేయండి. ఆ ప్రశ్న తెర మీదికి రాగానే ఏమీ నొక్కకుండా నాకు చెప్పండి, మీ దగ్గరికి వస్తాను.