ఫ్యూజన్ ఆపరేషన్ అన్నారా? డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు నిలబడి తీసిన ఎక్స్‌రే ఉందో లేదో చూసుకోండి

అందరికీ నమస్కారం. వెన్నెముకకు ఫ్యూజన్ చేయాలన్నారు, ఇప్పుడేం చేయాలి అని తిరుపతి, చిత్తూరు, పలమనేరు నుంచి చాలామంది అడుగుతున్నారు. నేను డాక్టర్‌ని కాదండీ. మా అమ్మను వెంటబెట్టుకుని దాదాపు ఏడాది ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. ఆపరేషన్ కావాలా వద్దా అనేది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాలి. అది సరిగ్గా తేలాలంటే మీ చేతిలో ఏం ఉండాలో, ఏం అడగాలో చూపిస్తాను.

ముందు ఈ ప్లాస్టిక్ బొమ్మ చూడండి. ఇది నడుములో నాలుగో ఎముక, ఎల్4. దీని కింద ఎల్5. మధ్యలో మెత్తగా ఉంది చూశారా, అది డిస్క్. ఫ్యూజన్ అంటే ఈ రెండు ఎముకలూ ఒకటిగా అతుక్కునేలా చేయడం. స్క్రూలు, రాడ్లు బిగిస్తారు, చాలాసార్లు డిస్క్ తీసేసి అక్కడ కేజ్, అంటే ఎముకల మధ్య ఎడం నిలిపే చిన్న పెట్టె లాంటిది, పెడతారు, ఎముక ముక్కలు నింపుతారు. కానీ చివరికి అతుక్కోవాల్సింది మన ఎముకే. అది అతుక్కునే దాకా పట్టి ఉంచడానికే స్క్రూలు. అతుక్కున్నాక ఇక్కడ, ఇదిగో ఈ చోట, కదలిక ఉండదు. కదలికను ఆపే ఆపరేషన్ ఇది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఫైల్ సర్దుకోవడం మీకు తెలిసిందే. తేదీల వారీగా, కొత్తవి పైన. బీపీ, షుగర్ మందుల చీటీలు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అవి కూడా, స్కాన్ సీడీ. అయిపోయింది. ఫోన్‌లో కాపీ ఉంచుకోండి, కాగితాలకు నేను గూగుల్ డ్రైవ్‌లో ఉండే స్కాన్ బటన్ వాడతాను, వేరే యాప్ అక్కర్లేదు. ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీస్తే మెరుపు పడుతుంది. పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి తీయండి, ఇదిగో ఇలా. ఎముక అంచు కూడా తెలుస్తోంది చూడండి.

ఇక ఎమ్మారై రిపోర్టు. డిస్క్ బల్జ్ (ఉబ్బడం), డీజనరేషన్ (అరుగుదల) అని రాసుంటే చాలు, మనకు టెన్షన్ మొదలవుతుంది. 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, నడుము నొప్పే లేని వాళ్ల స్కాన్ల మీద. యాభై ఏళ్ల వాళ్లలో నూటికి 80 మందికి డిస్క్ అరుగుదల, 60 మందికి బల్జ్ కనిపించాయి. నొప్పి లేని వాళ్లండీ వీళ్లంతా! అందుకే రిపోర్టులో మాట ఒక్కటే చాలదు. మీ నొప్పి ఎక్కడుంది, ఏ కాల్లోకి దిగుతోంది, ఎంతసేపు నడిస్తే వస్తోంది, ఇవన్నీ స్కాన్‌తో సరిపోవాలి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటికి వద్దాం. కాస్త నిదానంగా చెబుతాను.

మా అమ్మ ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మనిషి. అలాంటిది, వీధి చివరిదాకా నడిస్తే చాలు, కాళ్లు లాగేవి. ఏ కూరగాయల బండో పట్టుకుని ముందుకు వంగి నిలబడితే తగ్గేది. ఎమ్మారై చూసి ఒక ఆసుపత్రిలో రెండు లెవెల్స్, అంటే రెండు డిస్కుల దగ్గర, ఫ్యూజన్ అన్నారు. ఆ ఎమ్మారై పట్టుకుని ఇంకో పెద్దాసుపత్రికి వెళ్లాం, పొద్దున్నే బస్సెక్కి. అక్కడి డాక్టర్ ఫిల్మ్ చూసి, "నిలబడి తీసిన ఎక్స్‌రే ఏదమ్మా?" అన్నారు. లేదు. మళ్లీ తేదీ, మళ్లీ ప్రయాణం.

ఎందుకు అడిగారో ఈ బొమ్మతో చూడండి. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు. పడుకున్నప్పుడు ఎముకలు దాదాపు వాటి చోట్లోనే కనిపించొచ్చు. ఇప్పుడు నిలబెట్టి ముందుకు వంచుతున్నాను. ఎల్4 ముందుకు జారింది, చూశారా? వెనక్కి వంచితే మళ్లీ సర్దుకుంది. ఈ జారుడు పట్టుకోవడానికే నిలబడి, ముందుకు వంగి, వెనక్కి వంగి ఎక్స్‌రే తీస్తారు. కదలికను ఆపే ఆపరేషన్ అనుకున్నాం కదా, మరి ఉండకూడని కదలిక ఎక్కడుందో చూడాలి కదా! మా అమ్మకు తీస్తే ఎల్4-ఎల్5 దగ్గరే కదిలింది, రెండోది గట్టిగానే ఉంది. చివరికి ఒక్క లెవెల్‌కే చేశారు. ఆ ఎక్స్‌రే మీ ఫైల్‌లో లేకపోతే, అవసరమా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అలాగని జారిన ప్రతి ఎముకకూ ఫ్యూజన్ కావాలని కాదు. నార్వేలో 267 మంది మీద చేసిన పరీక్ష 2021లో వచ్చింది. అందరికీ ఎముక జారి, నరం దారి ఇరుకైంది. నరం మీద ఒత్తిడి మాత్రమే తీసేసిన వాళ్లలో నూటికి 71 మందికి, ఫ్యూజన్ కూడా చేసిన వాళ్లలో 73 మందికి రెండేళ్లకు బాగా తగ్గింది. దాదాపు సమానం. మరోపక్క అమెరికాలో నడుముకు ముందే నిర్ణయించుకుని చేసే ఫ్యూజన్లు 2004లో సుమారు 1,22,000 ఉంటే 2015కి దాదాపు 1,99,000 అయ్యాయి. కాబట్టి నోరు తెరిచి అడగండి: "ఒత్తిడి తీస్తే సరిపోదా సార్, ఫ్యూజన్ ఎందుకు?" మంచి డాక్టర్ ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపిస్తారు.

కీహోల్ (చిన్న కోతతో), నావిగేషన్ (కంప్యూటర్ తెర మీద దారి చూస్తూ), రోబో సాయంతో చేస్తాం అంటారు. కోత చిన్నదైతే రక్తం తక్కువ పోవచ్చు, త్వరగా లేవచ్చు. మంచిదే. కానీ ఎముక అతుక్కోవడానికి అప్పుడూ ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు అతుక్కోకపోయే ప్రమాదం ఎక్కువ, ముందే మానాలి. షుగర్ అదుపులో ఉండాలి. కొన్నేళ్లకు పై లెవెల్‌లోనో కింది లెవెల్‌లోనో అరుగుదల రావచ్చు, దాని గురించీ అడగండి. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

మంచం దిగడం ఆపరేషన్‌కు ముందే ఇంట్లో నేర్చుకోండి. మోకాళ్లు మడిచి, భుజం, నడుము ఒకేసారి, దుంగ దొర్లినట్టు పక్కకు. కాళ్లు కిందికి, చేత్తో నొక్కి పైకి. మళ్లీ చూడండి: మోకాళ్లు, దొర్లడం, కాళ్లు, చెయ్యి. మా అమ్మ వారం ముందు నుంచే చేసింది.

ఒక్కటి మాత్రం ఆగకూడదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా, ఓపీ రోజు కోసం చూడొద్దు. ఫైల్ దొరక్కపోయినా పర్లేదు. తిరుపతిలో రుయా కానీ స్విమ్స్ కానీ, లేదంటే మీకు ఏ పెద్దాసుపత్రి దగ్గరైతే అక్కడికి, ఆ రాత్రికే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.