పది రోజుల చీటీ, తొమ్మిదేళ్ళ మాత్ర

(అమలాపురంలో విశ్రాంత ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యుల ముందు ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రోజూ వేసుకునే మాత్రల షీట్లు వెంట తెచ్చుకోమని ముందే కబురు చేశాను. చాలామంది తెచ్చారు, సంతోషం. బీపీ మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడు మాత్ర ఏవో మీ అందరికీ తెలుసు. కొందరి సంచిలో వాటి మధ్య ఇంకో చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని ఎవరూ మందు పేరుతో పిలవరు. నిద్ర బిళ్ళ అంటారు, గాభరా బిళ్ళ అంటారు. షీటు వెనక్కి తిప్పి చూస్తే ఆల్ప్రాజోలం అనో, క్లోనజెపాం అనో, లోరజెపాం, డయాజెపాం అనో రాసి ఉంటుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ బిళ్ళ గురించే.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను. ఈ విషయం మీద మాట్లాడాలని నాకు అనిపించడానికి కారణం మా మేనత్త.

ఆమెది గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. 2013లో మామయ్య ఉన్నట్టుండి పోయారు. దినాలు అయిపోయినా ఆమెకు కంటి మీద కునుకు లేదు. పట్నంలో ఒక డాక్టరు ఆల్ప్రాజోలం రాశారు, పది రోజులకు. ఆ పది రోజులూ ఆమె నిద్రపోయింది. అది సరైన వైద్యమే, ఆ చీటీని నేను తప్పు పట్టను. పదకొండో రోజు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ చీటీ పట్టుకుని మా బావ నా దుకాణానికి వచ్చాడు. నేను ఇచ్చాను. మరుసటి నెల ఇచ్చాను. తర్వాత చీటీ కూడా అక్కర్లేకపోయింది, ఫోను చేస్తే పడవ మీద వెళ్ళేవాళ్ళతో పంపేవాణ్ణి. సొంత మేనత్తను చీటీ అడగడమేమిటి అనుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలకు దారులు మూసుకుపోయాయి. అత్త దగ్గర రెండే బిళ్ళలు మిగిలాయి. అవి అయిపోయిన మర్నాడు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు. వరద భయమనుకున్నారు. ఆ రాత్రి గోడ మీద చీమలు బారులు తీరి పాకుతున్నాయని చెప్పింది. అక్కడ చీమలు లేవు. మూడో రోజు పడవలో ఒడ్డుకు తెస్తుండగా ఫిట్స్ వచ్చాయి. అరవై ఏడేళ్ళ మనిషి, జీవితంలో ఎన్నడూ ఫిట్స్ ఎరగదు.

ఆసుపత్రిలో తలకు స్కాన్ తీశారు, ఏ దోషమూ కనిపించలేదు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే మా బావ బీపీ మాత్ర ఒక్కటే చెప్పాడు. దాచాలని కాదు. మన ఇళ్ళలో నిద్ర బిళ్ళ మందుల లెక్కలోకి రాదు. నేను వెళ్ళి ఆ పేరు చెప్పాకే వాళ్ళకు సంగతి అర్థమైంది. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను పడిన బాధ ఎవరికీ చెప్పుకోలేనిది.

ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. మన మెదడులో గాబా అనే రసాయనం ఉంది. ఎడ్లు వేగం అందుకున్నప్పుడు పగ్గం బిగించే చెయ్యి లాంటిది అది. ఈ మాత్ర వేసుకుంటే ఆ చేతికి ఇంకొకరు సాయం పట్టినట్టవుతుంది. గుండె దడ తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, నిద్ర వస్తుంది. అయితే రోజూ సాయం అందుతుంటే మెదడు తన చెయ్యి తాను సడలిస్తుంది. ఉన్నట్టుండి సాయం ఆగిపోయిన రోజున పగ్గం పట్టేవాడుండడు. అప్పుడు వచ్చే వణుకు, దడ, నిద్రలేమి, ఫిట్స్ ఆ మనిషి మనోబలానికి సంబంధించినవి కావు. డాక్టరు రాసిన మోతాదు దాటకుండా వాడినవారికీ ఇది జరుగుతుంది, కొందరికి కొన్ని వారాల వాడకానికే. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోయే మందు. ఒక మోతాదులో సగం సుమారు 11 గంటల్లో ఖర్చయిపోతుంది. అందుకే అత్తకు ఒక్క రోజులోనే వణుకు మొదలైంది. డయాజెపాం రోజుల తరబడి నిలుస్తుంది కనుక దాన్ని ఆపితే బాధ ఆలస్యంగా బయటపడుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఈ నాలుగూ బెంజోడయజెపిన్లు అనే ఒకే మందుల కుటుంబానివి. ఆ కుటుంబంలో మొదటి మందు 1960లో మార్కెట్లోకి వచ్చింది, డయాజెపాం 1963లో. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు అనే పాత నిద్రమందులు మోతాదు కాస్త మించితే ప్రాణం తీసేవి. వాటి పక్కన ఇవి ఎంతో మేలనిపించి లోకమంతా వాడింది. 1988 నాటికే బ్రిటన్‌లో మందుల భద్రతా సంఘం వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని హెచ్చరించింది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటన్నిటి మీదా అలవాటు పడటం గురించి, ఆపితే వచ్చే ప్రమాదం గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మన దేశంలో 2014 మార్చి 1 నుంచి ఆల్ప్రాజోలం, డయాజెపాం వంటివి హెచ్‌1 షెడ్యూలులో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చామో పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి. నేను మా అత్త విషయంలో తప్పింది ఈ నియమాన్నే.

మన డెల్టాలో ఈ బిళ్ళ ఎవరి దిండు కింద ఉంటుందో నాకు తెలుసు. పిల్లలు అమెరికాలో ఉండి, పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు. భార్య కువైట్ వెళ్తే ఇక్కడ పిల్లల్ని చూసుకుంటున్న మగవాడు. రొయ్యల చెరువు గట్టు మీద తెల్లవార్లూ నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు వింటూ, కరెంటు పోతే సరుకంతా పోతుందని కూర్చునే రైతు. తెల్లమచ్చ వ్యాధితో ఒక పంట పోయినవాడికి రెండో పంటకు నిద్ర ఎలా పడుతుంది? వీళ్ళెవరూ మత్తు కోసం వచ్చినవాళ్ళు కారు. ఒక్క రాత్రి నిద్ర కోసం వచ్చినవాళ్ళు. వీళ్ళను వ్యసనపరులు అనే మాట నా చెవిన పడితే నాకు కోపం వస్తుంది. ఇక మద్యం తాగి ఆ పైన ఈ బిళ్ళ వేసుకునేవారికి ఒక్క మాట: రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. అలా కలిపి వేసుకోవడం ఈ రాత్రి నుంచే మానాలి.

కానీ బిళ్ళను ఈ రాత్రే మానకండి. దయచేసి ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. నా దుకాణానికి వచ్చే ఒకాయన ఫోనులో ఏదో చదివి, ఇది విషమని షీటు మొత్తం కాలువలో పారేశారు. నాలుగు రోజుల తర్వాత ఆయన భార్య ఏడుస్తూ వచ్చింది. ఏళ్ళ తరబడి వేసుకోవడం ఎంత పొరపాటో, ఒక్కసారిగా ఆపడం అంతకంటే పెద్ద ప్రమాదం.

మన కాలువల్లో పడవలు తిరిగిన కాలం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. పై మట్టం నుంచి కింది మట్టానికి పడవను ఎలా దించేవారు? లాకులోకి తెచ్చి, వెనక తలుపు మూసి, లోపలి నీళ్ళను కొద్దికొద్దిగా వదిలేవారు. నీటితో పాటే పడవా దిగేది. రెండు వైపులా మట్టం సమమయ్యాకే ముందు తలుపు తెరుచుకునేది. సరంగుకు ఎంత తొందర ఉన్నా అంతే. ఈ మాత్ర నుంచి దిగడమూ అలాగే ఉండాలి. అమెరికా వైద్యుల తాజా మార్గదర్శకాల ప్రకారం మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, అది కూడా 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించవచ్చు. ఎంత తొందరైనా రెండు వారాల్లో 25 శాతం దాటకూడదు. ఇంగ్లండులో న్యూకాసిల్‌లో హెదర్ యాష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మానేవారి కోసమే ఒక క్లినిక్ నడిపారు. తగ్గించే వేగం రోగి ఒంటిని బట్టి, రోగి ఇష్టాన్ని బట్టి సాగాలని ఆమె చెప్పేవారు.

మా అత్తకు మానసిక వైద్యులు ముందు మందు మార్చారు, ఆ తర్వాత తగ్గించడం మొదలుపెట్టారు. పద్నాలుగు నెలలు పట్టింది. అవి తేలికైన నెలలు కావు. మోతాదు తగ్గించిన మూడు నాలుగు రోజులకు చెవుల్లో హోరు మొదలయ్యేది. పెరట్లో కొబ్బరి మట్ట రాలితే ఉలిక్కిపడేది. పగటి వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందని కిటికీకి చీర కట్టించుకుంది. ‘‘నాకు పిచ్చి పడుతోందేమో నాన్నా, ఆ బిళ్ళ ఇచ్చేయ్’’ అని నన్ను బతిమాలింది. ఇక్కడే చాలామంది వెనక్కి తిరుగుతారు. పాత జబ్బు మళ్ళీ వచ్చింది కనుక బిళ్ళ జీవితాంతం ఉండాల్సిందే అనుకుంటారు. పాత జబ్బులో చెవి హోరు లేదు, వెలుతురు బాధ లేదు. మోతాదు తగ్గించగానే కొత్తగా వచ్చి, కొన్నాళ్ళు పెరిగి, మళ్ళీ తగ్గే బాధలు చాలావరకు మందు దిగుతున్న గుర్తులు. అలాంటప్పుడు ఆ మెట్టు మీదే ఇంకో నెల ఆగవచ్చు. అత్త రెండుసార్లు అలా ఆగింది. ఇంట్లోవాళ్ళు చేయాల్సింది ‘ఇంత చిన్న బిళ్ళకేనా’ అనకుండా ఉండటం. మా బావ ఆ మాట ఒకసారి అని, తర్వాత చాలా బాధపడ్డాడు.

అసలు ఆందోళనకు వైద్యం లేదని కాదు. రోజూ వాడదగ్గ వేరే మందులున్నాయి, మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, నిద్రలేమికి ప్రత్యేకంగా నేర్పే పద్ధతులున్నాయి. మన ఊళ్ళలో అవి అందరికీ అందడం లేదన్నది నా బాధ. పది రోజులకని రాసిన చీటీ మీద పదకొండో రోజు సంగతి కూడా రాయమని డాక్టర్లను చేతులు జోడించి కోరుతున్నాను. ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్ళు టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అత్త ఆఖరి ముక్క మానేసింది 2023 నవంబరులో. ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. అప్పుడు లేచి దీపం కింద కొబ్బరి ఈనెలు చీల్చి చీపుర్లు కడుతుంది. పోయిన నెల మా ఇంటికి రెండు పంపింది.

ఇక మీ షీట్లు బయటికి తీయండి. నేను ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుంటాను. ఒక్కొక్కరే రండి, పక్కవాళ్ళకు వినపడనక్కర్లేదు. ఏ మందో, ఎన్నేళ్ళుగా వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి ఇస్తాను. దాన్ని మీ డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా రేపు వేసుకోవాల్సినది రేపు వేసుకోండి.