డెడ్‌ఫైర్: దొంగల రాజకీయం పండింది, సముద్రం పండలేదు

అందరికీ నమస్కారం.

సముద్రపు దొంగల గేమ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఓడ, ఫిరంగులు, ఎక్కడో పాతిపెట్టిన నిధి. 1987లో సిడ్ మయర్స్ పైరేట్స్ వేసిన బాట అది. తర్వాత వచ్చినవాటిలో చాలావరకు ఆ బాటలోనే నడిచాయి. నేను ఈ రోజు మాట్లాడబోయే గేమ్ మాత్రం ఆ బాట నుంచి పక్కకు తిరిగింది. దాని పేరు పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2: డెడ్‌ఫైర్. అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ జాష్ సాయర్ దర్శకత్వంలో తయారుచేసి 2018 మే నెలలో విడుదల చేసింది. ఫిగ్ అనే వేదిక మీద ఆటగాళ్ల నుంచి 44 లక్షల డాలర్లకు పైగా నిధులు వచ్చాయి. తీరా విడుదలయ్యాక అమ్మకాలు సంస్థ ఆశించినంతగా లేవు. ఇంత మంచి రచనకు ఆ గతి పట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ గేమ్‌లో నాకు నచ్చిన మొదటి సంగతి, సముద్రపు దొంగను వేషంగా చూడకపోవడం. కంటికి గంత, భుజాన చిలుక ఉంటే దొంగ అయిపోడు. ఎవరి సరుకును దోచుకుంటున్నాడు, ఆ సరుకు అక్కడికి ఎలా వచ్చింది, దాన్ని పండించినవాడికి ఏం మిగిలింది అన్న ప్రశ్నలు వెంటే వస్తాయి. డెడ్‌ఫైర్ ద్వీపసమూహంలో నాలుగు పక్షాలున్నాయి. అక్కడి మూలవాసులు హువానాలు. వెలుగులీనే అడ్రా అనే ఖనిజం కోసం వచ్చినది వైలియన్ ట్రేడింగ్ కంపెనీ. తుపానులతో అతలాకుతలమైన రౌటాయ్ దేశం కొత్త భూమి కోసం పంపినది రాయల్ డెడ్‌ఫైర్ కంపెనీ. నాలుగోది ప్రిన్సిపి, అంటే దొంగల కూటమి.

ఈ నలుగురిలో కళ్లు మూసుకుని సమర్థించదగినవారు ఒక్కరూ లేరు. హువానాల పక్షాన నిలబడదామని మనసు ముందే చెబుతుంది. వారి రాజధాని నెకటాకాలో పై అంతస్తుల నుంచి దిగుతూ గల్లెట్ అనే పేటకు చేరగానే అడుగు తడబడుతుంది. అక్కడ ఉండేవారు రోపారులు, కులవ్యవస్థలో అందరికన్నా కిందివారు. పైవారు తిన్నాక మిగిలితేనే వారికి తిండి. పరాయి కంపెనీలు ఈ నేలను దోచుకుంటున్నాయన్నది నిజం. ఆ నేలమీద సొంతవారే కొందరిని ఆకలితో ఉంచుతున్నారన్నదీ నిజం. ఏది ముందు, ఏది తర్వాత అని గేమ్ మనకు చెప్పదు. ఆ నిర్ణయం మన నెత్తిమీదే పెడుతుంది.

ప్రిన్సిపి కథ ఇంకా లోతైనది. వారు పాత వైలియన్ సామ్రాజ్యం నుంచి వెళ్లగొట్టబడిన కులీనుల వారసులు. ఆ వైభవాన్ని మళ్లీ నిలబెట్టాలన్నది వృద్ధ నాయకుడు ఫురాంటే కల. ఆ కల కోసం క్రూక్‌స్పర్ ద్వీపంలోని బానిసల వ్యాపారులతో చేతులు కలపడానికీ అతను వెనుకాడడు. ఎల్డిస్ అనే యువ కెప్టెన్‌కు సామ్రాజ్యాలతో పని లేదు, బానిసల వ్యాపారమంటే అసహ్యం. స్వేచ్ఛ పేరుతో బతికే మనుషులు మరొకరి స్వేచ్ఛను అమ్ముకోవచ్చా అన్నదే వారి మధ్య తగవు. మన జట్టులోని సెరాఫెన్ ఒకప్పుడు బానిస, ఇప్పుడు ప్రిన్సిపి మనిషి. కాబట్టి ఈ తగవు మన డెక్ మీదకూ వస్తుంది. సముద్రపు దొంగల మీద ఇంత ఆలోచనతో రాసిన గేమ్ మరొకటి నేను ఆడలేదు.

ఇక ఓడ సంగతి. ఓడను నడిపించడం బాగుంది, ఓడతో పోరాడడం బాగాలేదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి. సరంగు, చుక్కాని పట్టేవాడు, వంటవాడు, వైద్యుడు, ఫిరంగులు పేల్చేవారు, ఇలా ఒక్కొక్కరినీ మనమే ఎంచుకుంటాం. వారికి జీతాలివ్వాలి, తిండీ నీళ్లూ చూడాలి. ఎండు రొట్టెలతో సరిపెడితే మనోబలం పెరగదు, మంచి భోజనం, మద్యం పెడితే పెరుగుతుంది. ఆ మనోబలం బాగా పడిపోతే తిరుగుబాటు చేస్తారు. గాలి అనుకూలించినప్పుడు సిబ్బంది గొంతు కలిపి నావికుల పాటలు పాడుతుంటే, పని లేకపోయినా మరో ద్వీపం దాకా వెళ్లొద్దామనిపిస్తుంది.

శత్రు నౌక ఎదురైతే మాత్రం ఆ సముద్రం మాయమవుతుంది. ఒక బొమ్మ, దాని పక్కన కొన్ని వాక్యాలు, కింద ఆజ్ఞల జాబితా. వంతులవారీగా ముందుకు వెళ్లాలా, ఓడను తిప్పాలా, ఫిరంగులు పేల్చాలా అని ఎంచుకుంటూ పోవాలి. తెరచాపలు చీల్చడానికి గొలుసు గుండ్లు, నావికుల మీదకు చిన్న గుండ్ల వాన, ఇలా ఆలోచించిన వివరాలు లేకపోలేదు. కానీ అలల ఊపు, పొగ, చెక్క విరిగే చప్పుడు మనకు అనుభవంలోకి రావు. పది వాక్యాలు చదివాక మొదటి వాక్యాలే తిరిగొస్తాయి. అందుకే చాలామంది శత్రు నౌకను వీలైనంత త్వరగా సమీపించి, దాని డెక్ మీదకు ఎక్కేస్తారు. అక్కడ గేమ్ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. మన నావికులు మన పక్కనే నిలబడి పోరాడతారు, పదకొండు పాత్ర రకాల్లో ఏ రెండింటినైనా కలిపి మనం తయారుచేసుకున్న యోధులు తమ సత్తా చూపిస్తారు. ఈ డెక్ మీది పోరుకు 2019లో వంతులవారీ పద్ధతిని కూడా చేర్చారు. మంత్రాలను తీరిగ్గా లెక్కవేసి వాడాలనుకునేవారికి అదే అనువుగా ఉంటుంది.

రెండో లోపం ప్రధాన కథ. ఎయోథాస్ అనే దేవుడు మహావిగ్రహంలో ప్రవేశించి సముద్రం మీదుగా నడిచి వెళ్తుంటాడు. అడుగు పడినచోట ప్రాణనష్టం. అతని వెంటపడి ఆపాలి. ఇంత తొందర ఒకవైపు. మరోవైపు ప్రతి ద్వీపంలో దిగు, పటం గీయి, పేరు పెట్టు అని పిలిచే ఆట. ఈ రెండూ ఒక ఒరలో ఇమడలేదు. దేవుణ్ణి నెల రోజులు వదిలేసి ఏ చేపల బేరమో తేల్చుకుని వచ్చినా కథ అక్కడే మన కోసం కాచుకుని ఉంటుంది. ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ మాట వినకండి: ఎయోథాస్ తాను తలపెట్టింది చేసే తీరుతాడు. అతనితో వాదించవచ్చు, అడ్డుకోలేం. కథ బరువు దేవుళ్ల చేతిలోకి పోయేసరికి, అంతవరకు మనల్ని నలిపిన నాలుగు పక్షాల వైరం పక్కకు జరిగిపోతుంది. చివరి మజిలీ అయిన ఉకైజోకు ఎవరి ఓడతో చేరతామన్నది మాత్రమే మన చేతిలో మిగులుతుంది. నా దృష్టిలో ఈ గేమ్ చేసిన పెద్ద పొరపాటు ఇదే. క్రూక్‌స్పర్‌లో బానిసలు, గల్లెట్‌లో ఆకలి ఉండగా వేరే ప్రధాన కథ వెతుక్కోవలసిన అవసరం ఏముంది?

ఆడదలచుకున్నవారికి ఒక సూచన. నెకటాకా చేరాక దేవుణ్ణి కొంతకాలం అతని దారిన నడవనివ్వండి. హువానాల రాణి ఒనెకాజా పనికీ కంపెనీల పనికీ మాట ఇచ్చేముందు దొంగల రేవు డన్నేజ్‌కు ఒకసారి వెళ్లండి. సెరాఫెన్‌ను వెంట తీసుకెళ్లండి. ఫురాంటేతో, ఎల్డిస్‌తో విడివిడిగా మాట్లాడి, ఆ తర్వాత ఎవరి జెండా ఎగరేయాలో తేల్చుకోండి.