90 డిగ్రీల తేడా: ధ్రువిత ఫోటాన్లతో తేలిక మీసాన్ల అధ్యయనం

అందరికీ నమస్కారం.

ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఆర్కే బీచ్‌లో నిలబడి నీళ్ల వైపు చూస్తే కళ్లు చిట్లించక తప్పదు. సముద్రం మనకి తూర్పున ఉంది, మెరుపు ఎదురుగా కొడుతుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ మెరుపు చాలావరకు ఆగిపోతుంది. అద్దాలు తీసి 90 డిగ్రీలు తిప్పి ఒక కంటి ముందు పట్టుకోండి, మెరుపు మళ్లీ వచ్చేస్తుంది. ఇంకో 90 తిప్పితే మళ్లీ పోతుంది. సూర్యుడు సుమారు 37 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు పతనకోణం 53 డిగ్రీలు. నీటికి బ్రూస్టర్ కోణం అదే కాబట్టి పరావర్తన కాంతి దాదాపు పూర్తిగా ధ్రువితం, అంటే ఒకే దిశలో కంపిస్తుంది.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, 180 డిగ్రీలు తిప్పితే మొదటికొచ్చాం కాబట్టి గణితంలో కొసైన్ 2ఫై (ఫై అంటే తిప్పిన కోణం) కనిపిస్తుంది. రెండోది అంతకన్నా ముఖ్యం. మీ కంటిలో శుక్లం ఉన్నా ఫర్వాలేదు, రెండుసార్లూ చూసింది అదే కన్ను. లోపం రెండు లెక్కల్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి నిష్పత్తి తీస్తే కొట్టుకుపోతుంది. మీసాన్ల దగ్గర, అంటే క్వార్క్, ప్రతిక్వార్క్ జంటతో ఏర్పడిన కణాల దగ్గర, ధ్రువిత ఫోటాన్ల (కాంతి కణాల) అసలు గొప్ప ఇదేనని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలు మొదటి సంగతి చెప్పి రెండోది వదిలేస్తాయి.

ఎమ్మెస్సీ ల్యాబ్‌లో సీజియం-137 గామా చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. దాని శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇప్పుడు చెప్పబోయే ఫోటాన్ శక్తి దానికి దాదాపు 13 వేల రెట్లు, అంటే 8.5 జీఈవీ (850 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర. అంత శక్తిగల ఫోటాన్‌కి పోలరాయిడ్ రేకు ఉండదు. మరి ధ్రువణం ఎలా తెస్తారు? వజ్రంతో.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం న్యూపోర్ట్ న్యూస్‌లోని జెఫర్సన్ ల్యాబ్, హాల్-డిలో గ్లూఎక్స్ ప్రయోగం ఉంది. అక్కడ సుమారు 11.6 జీఈవీ ఎలక్ట్రాన్లు పలుచని వజ్రపు పలక గుండా వెళతాయి. మందం 50 మైక్రాన్ల స్థాయి, మన తల వెంట్రుక కన్నా తక్కువ. మామూలు లోహపు రేకులో ఎలక్ట్రాన్ ఏదో ఒక కేంద్రకం దగ్గర వేగం తగ్గి ఫోటాన్ విడుస్తుంది, దిశకీ దశకీ క్రమం ఉండదు. వజ్రాన్ని సరైన కోణంలో ఉంచితే స్ఫటికం మొత్తం ఒక్కటిగా తోపు పుచ్చుకుంటుంది. ఆ తోపు జాలకం అనుమతించిన విలువల్లోనే ఉండాలి కాబట్టి వర్ణపటంలో ఒక శిఖరం లేస్తుంది. 9 జీఈవీ దగ్గర దాని అంచు నిట్టనిలువుగా పడిపోతుంది. అంచుకి కాస్త కింద, 8.2 నుంచి 8.8 జీఈవీ మధ్య, రేఖీయ ధ్రువణం సుమారు 35 శాతం. వజ్రమే ఎందుకంటే పరమాణువులు దగ్గరగా, గట్టిగా కూర్చుని ఉంటాయి, ఉష్ణకంపనం తక్కువ. నగల కోసం కాదు లెండి.

ధ్రువణాన్ని 90 డిగ్రీలు మార్చడానికి వజ్రాన్ని 90 డిగ్రీలు తిప్పాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. వజ్రాన్ని కోణాల్లో కదిపే గోనియోమీటర్ మీద ఏ అక్షం చుట్టూ వాలుస్తున్నామో మారిస్తే చాలు. ఆ వాలు మిల్లీరేడియన్ల లెక్కలో ఉంటుంది. అందుకే ఎలక్ట్రాన్ పుంజం దిశ కొద్దిగా కదిలినా అంచు జరిగిపోతుంది, ధ్రువణమూ మారిపోతుంది. రేడియేషన్ తిన్నకొద్దీ జాలకం చెదిరి అంచు మొద్దుబారుతుంది. పలుచని పలక వంగితే కూడా లక్షణం అదే, కారణం వేరు. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు అదే పనిగా చూసేది ఈ అంచునే. మధ్యమధ్యలో అల్యూమినియం రేకు పెట్టి మామూలు వర్ణపటం తీస్తారు. దానితో భాగిస్తేనే శిఖరం ఆకారం శుభ్రంగా బయటపడుతుంది.

వజ్రం నుంచి 75 మీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కొలిమేటర్ ఉంటుంది. అంత దూరం ఎందుకో వేళ్ల మీద లెక్కేయొచ్చు. ఫోటాన్లు విచ్చుకునే సహజ కోణం అంటే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని దాని శక్తితో భాగించడమే: 0.511ని 11,600తో భాగిస్తే 44 మైక్రోరేడియన్లు. 75 మీటర్ల దగ్గర అది 3.3 మిల్లీమీటర్లు. రంధ్రం వ్యాసార్ధం 2.5. శిఖరం అంచు దగ్గరి ఫోటాన్లు ముందుకే సూటిగా వెళతాయి, క్రమం లేనివి పక్కలకి చెదిరి కొలిమేటర్ గోడకి తగులుతాయి. వడపోత అయ్యాక ధ్రువణం శాతం పెరుగుతుంది.

ఏ ఫోటాన్ శక్తి ఎంతో తెలియడానికి ట్యాగర్ ఉంది. శక్తి పోగొట్టుకున్న ఎలక్ట్రాన్‌ని అయస్కాంతంతో వంచి, ఎక్కడ తగిలిందో చూస్తారు. 2.6 జీఈవీ మిగిలితే ఫోటాన్‌కి 9 పోయిందన్నమాట. చిక్కేమిటంటే ఎలక్ట్రాన్ గుంపులు 4 నానోసెకన్లకొకటి వస్తుంటాయి. ఒక్కో సంఘటనకి ట్యాగర్‌లో చాలా ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి. వాటిలో చక్కగా సరిపోయినదొక్కటే ఉంచుకుని మిగతావి పారేయాలని చేయి దురద పెడుతుంది. అలా చేస్తే ఫలితం ఒక పక్కకి ఒరుగుతుంది. అన్నీ ఉంచి, సమయం కుదరని గుంపుల్ని తీసుకుని తీసివేయాలి: అటు నాలుగు, ఇటు నాలుగు గుంపులు తీసుకుంటే ఒక్కోదానికి మైనస్ ఎనిమిదో వంతు బరువు.

లక్ష్యం 30 సెంటీమీటర్ల పొడవున్న ద్రవ హైడ్రోజన్. ఫోటాన్ ప్రోటాన్‌ని కొడితే అన్నిటికన్నా తేలికైన మీసాన్ పై-జీరో పుట్టిందనుకుందాం. అది వెంటనే రెండు ఫోటాన్లుగా విడిపోయి, ముందున్న కెలోరీమీటర్‌లో (శక్తి కొలిచే పరికరంలో), అంటే తొలి అమరికలో 4 సెంటీమీటర్ల చదరపు ముఖం ఉన్న 2800 సీసపు గాజు దిమ్మెల్లో పడుతుంది. 9 జీఈవీ పై-జీరోకి రెండు ఫోటాన్ల మధ్య కనీస కోణం రెండు రెట్ల ద్రవ్యరాశిని శక్తితో భాగిస్తే వస్తుంది: 0.27ని 9తో భాగిస్తే 0.03 రేడియన్. లక్ష్యం నుంచి సుమారు ఐదున్నర మీటర్ల దూరంలో అది 17 సెంటీమీటర్లు, అంటే నాలుగు దిమ్మెలు. రెండు జల్లులు విడిగా కనపడతాయి గానీ దగ్గర దగ్గరే. ఈటా అనే ఇంకో మీసాన్‌కి ద్రవ్యరాశి నాలుగు రెట్లు, కాబట్టి దూరం 70 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఇక లెక్క. ఉత్పత్తి తలం (వచ్చిన ఫోటాన్, పుట్టిన పై-జీరో దారులు రెండూ ఉండే తలం) కోణం ఫై ప్రకారం పై-జీరోల్ని ఎంచితే కొసైన్ 2ఫై అల కనిపిస్తుంది. అల ఎత్తు ధ్రువణం, సిగ్మా అనే అసౌష్ఠవం, ఈ రెండింటి లబ్ధం. సిగ్మా 1 అయితే ఉత్పత్తి తలం ధ్రువణ దిశకి లంబంగా ఉండటానికే మొగ్గు చూపుతుంది. 35 శాతం ధ్రువణంతో శిఖరానికీ లోయకీ నిష్పత్తి 1.35 బై 0.65, రెండుకి కాస్త ఎక్కువ. కంటికే కనిపించేంత అల. కానీ కెలోరీమీటర్‌లో చెడిపోయిన గడి కూడా ఫైలో గుంత చేస్తుంది. అందుకే రెండు ధ్రువణ దిశల్లోనూ కొలిచి, తేడాని మొత్తంతో భాగిస్తారు. గుంత రెండింట్లోనూ అక్కడే ఉంటుంది, కాబట్టి పోతుంది. అల మిగులుతుంది. రెండు దిశల్లో ఫోటాన్ల సంఖ్య సమానంగా ఉండదు కాబట్టి ఆ నిష్పత్తి మాత్రం విడిగా కొలిచి పెట్టుకోవాలి.

కొట్టుకుపోనివీ ఉన్నాయి. ధ్రువణం విలువలో 2 శాతం తప్పుంటే సిగ్మాలో నేరుగా 2 శాతం తప్పు. దాన్ని ట్రిప్లెట్ పోలారిమీటర్‌తో కొలుస్తారు: 75 మైక్రాన్ల బెరీలియం రేకులో ఫోటాన్ ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటను పుట్టిస్తూ ఒక పరమాణు ఎలక్ట్రాన్‌ని తన్నేస్తుంది, ఆ ఎలక్ట్రాన్ దిశలో కూడా కొసైన్ 2ఫై ఉంటుంది. రెండోది బ్యాక్‌గ్రౌండ్. ఒమేగా మీసాన్ పై-జీరో, ఫోటాన్‌గా విడిపోయి, ఆ ఫోటాన్ తప్పించుకుంటే పై-జీరోలా కనిపిస్తుంది. దానికి తన సొంత అసౌష్ఠవం ఉంటుంది. సున్నా అనుకుని తీసేస్తే తప్పు తప్పుగానే మిగులుతుంది. మూడోది సంఖ్య. దోషం సుమారుగా రెండుని సంఘటనల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, ధ్రువణంతో భాగిస్తే వస్తుంది. 35 శాతం ధ్రువణంతో 10 వేల సంఘటనలకి దోషం 0.04, 0.01 కావాలంటే లక్షా 63 వేలు. ధ్రువణం సగమైతే నాలుగింతలు డేటా కావాలి.

ఇంతా చేసి తెలిసేదేమిటి? ఫోటాన్, ప్రోటాన్ మధ్య మారకం అయినదేమిటో. రో, ఒమేగా లాంటి మీసాన్లైతే సిగ్మా ప్లస్ 1 వైపు, బి1, హెచ్1 లాంటివైతే మైనస్ 1 వైపు వెళుతుంది. 2017లో ప్రచురించిన గ్లూఎక్స్ తొలి ఫలితంలో పై-జీరోకీ ఈటాకీ సిగ్మా 1కి దగ్గరగానే వచ్చింది. రో, ఒమేగాలదే పైచేయి.

అసలు వేట హైబ్రిడ్ మీసాన్ కోసం, అంటే క్వార్కుల్ని కలిపి ఉంచే గ్లూఆన్ కూడా ఊగుతున్న మీసాన్. దాన్ని గుర్తుపట్టేది 1⁻⁺ అనే సంకేతంతో: మొత్తం కోణీయ ద్రవ్యవేగం 1, పారిటీ (అద్దంలో తిప్పినట్టు చూస్తే వచ్చే గుర్తు) మైనస్, సి (కణాన్నీ ప్రతికణాన్నీ మారిస్తే వచ్చే గుర్తు) ప్లస్. మామూలు క్వార్క్-ప్రతిక్వార్క్ జంటకి ఇది కుదరదు: పారిటీ మైనస్ కావాలంటే కక్ష్యా సంఖ్య సరి అవ్వాలి, సి ప్లస్ కావాలంటే దానికి స్పిన్ కలిపితే సరి అవ్వాలి. కాబట్టి స్పిన్ సున్నా, మొత్తం కోణీయ ద్రవ్యవేగం 0, 2, 4 మాత్రమే. 1 రాదు. ఈటా, పై-జీరో కలిసి పి-తరంగంలో, అంటే కక్ష్యా సంఖ్య 1తో, వస్తే ఈ సంకేతమే. పక్కనే ఏ2(1320) అనే మామూలు మీసాన్ తాలూకు బలమైన డి-తరంగం (కక్ష్యా సంఖ్య 2) ఉంది. అక్కడ నాలుగు ఫోటాన్లని ఈటాకీ పై-జీరోకీ పంచడానికి ఆరు దారులు. తప్పు పంపకం వల్ల కోణాలు వంకరపోతే డి-తరంగం పిసరంత పి-తరంగంలోకి కారి, లేని కణం ఉన్నట్టు చూపిస్తుంది. ఇక్కడ 90 డిగ్రీల చిట్కా మొత్తం కాపాడదు, డిటెక్టర్ నమూనా కచ్చితంగా ఉండాల్సిందే. ఎంత జాగ్రత్త అవసరమో చరిత్రే చెబుతుంది: ఒకప్పుడు 1400, 1600 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర రెండు వేర్వేరు పై1లు, అంటే ఈ సంకేతమున్న మీసాన్లు, ఉన్నాయన్నారు. సెర్న్‌లోని కంపాస్ ప్రయోగం డేటాని ఈటా, ఈటా-ప్రైమ్ (ఈటాకన్నా బరువైన దాని జోడు మీసాన్) రెండు దారుల్లోనూ ఒకేసారి సరిపోల్చాక, 1564 ఎంఈవీ దగ్గర ఒకటి చాలని తేలింది. గ్లూఎక్స్ ఇప్పటిదాకా పై1(1600) ఉత్పత్తికి పై హద్దు ఇచ్చింది.

జల్లులు దగ్గరగా పడే సమస్యకి అక్కడ ఎంచుకున్న మందు సూటిగా ఉంది. కెలోరీమీటర్ మధ్యభాగంలో సీసపు గాజు తీసి, 2 సెంటీమీటర్ల ముఖం ఉన్న లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు, సుమారు 1600, అమర్చడం. అప్పుడు మనం లెక్కేసిన 17 సెంటీమీటర్లు నాలుగు దిమ్మెల్లో కాదు, ఎనిమిదింటికి పైగా పరుచుకుంటాయి.