రిజిస్టరులోని అంకె వెనుక: ఆసుపత్రి మెరుగుదలను లోపలి నుంచి అంచనా వేయడం

(తెరపై: ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్. బల్ల మీద తెరిచిన రిజిస్టరు.)

దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట ఆసుపత్రులు కలిసి, పుట్టిన శిశువుల ఒళ్లు చల్లబడకుండా చూడాలని ఒకే లక్ష్యం పెట్టుకున్నాయనుకుందాం. ప్రతిచోటా వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఆయాలు ఒక బృందమై చిన్న చిన్న మార్పులు చేసి, ఫలితం చూసి సరిదిద్దుకుంటారు. అప్పుడప్పుడు అందరూ ఒకచోట కూర్చుని, ఎవరి దగ్గర ఏది పనిచేసిందో చెప్పుకుంటారు. దీన్ని సమష్టి నాణ్యతా మెరుగుదల అంటారు. 2017 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా ప్రసూతి గదుల్లో బృందాలుగా పనిచేయమనే చెప్పింది.

కొన్ని నెలల తరువాత చల్లబడిన శిశువుల సంఖ్య తగ్గిందని గ్రాఫు చూపితే, ఆ మేలు కార్యక్రమం వల్లనే జరిగిందని చెప్పవచ్చునా? పుష్యమాసపు చలిలో పని మొదలుపెట్టి రోహిణి కార్తెలో లెక్క చూస్తే, నల్లగొండలో ఎవరూ ఏమీ చేయకున్నా ఆ సంఖ్య తగ్గవచ్చు. అందుకే ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో నెలలో పని మొదలుపెట్టి, నిరుటి అదే నెలతో పోల్చి చూడాలి.

(తెరపై: ఉష్ణోగ్రత గడి దగ్గరగా. 36.8, 36.8, 36.8.)

అయితే పోలిక ఎంత పకడ్బందీగా ఉన్నా, ఈ గడిని అది సరిచేయలేదు. శిశువు ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి కనుక, 36.8 అని ఉంటే బయటి నుంచి వచ్చిన నిపుణుడు సంతోషంగా రాసుకుని వెళ్తాడు. నైట్ డ్యూటీలో సిస్టర్ పక్కనే ఉన్న పరిశోధకురాలికి మాత్రం థర్మామీటరు పనిచేయడం లేదనీ, కొత్తది స్టోరు బీరువాలో ఉన్నా తాళంచెవి పొద్దుటి దాకా దొరకదనీ, ఇద్దరు బాలింతలను ఒక్క సిస్టరే చూసుకుంటోందనీ తెలుస్తుంది. ఆ సిస్టర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. గడి ఖాళీగా ఉంటే మెమో ఇచ్చే చోట గడులన్నీ నిండే ఉంటాయి.

ఇది మన దగ్గరే ఉన్న ఇబ్బంది కాదు. అమెరికాలోని మిషిగన్ ఐసీయూలలో, రక్తనాళంలో అమర్చే గొట్టాల వల్ల సోకే ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2006లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంగ్లండు అదే బాటలో ఒక కార్యక్రమం చేపట్టినప్పుడు, అందులో ఇంకా చేరని ఐసీయూలలోనూ ఇన్ఫెక్షన్లు తగ్గుతున్నట్లు తేలింది. వార్డుల్లో ఉండి గమనించిన పరిశోధకులు, ఇన్ఫెక్షన్‌ను గుర్తించి లెక్కించే తీరు ఒక్కో యూనిట్‌లో ఒక్కో రకంగా ఉందని చూపారు.

(తెరపై: డ్యూటీ మారే వేళ. నర్సులు, ఆయాలు, పరిశోధకురాలు ఒక బల్ల చుట్టూ.)

పరిశోధకురాలు ఆసుపత్రి లోపలే ఉండి అంచనా వేసే ఈ పద్ధతిలో సిబ్బంది కేవలం సమాధానాలిచ్చేవారుగా మిగిలిపోరు. ఏం కొలవాలో, ఎప్పుడు కొలవాలో వారే పరిశోధకురాలితో కలిసి నిర్ణయిస్తారు. తడిగుడ్డ వెంటనే తీసేశారా, తల్లి రొమ్ముపై బిడ్డను పడుకోబెట్టారా అన్నవి అందరికంటే బాగా తెలిసిన ఆయమ్మ మాట కూడా అందులో లెక్కకు వస్తుంది.

లోపల ఉన్నవారికి అభిమానం పెరుగుతుంది, కనుక పరిశోధకురాలి నోట్సును ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరొకరు చదివి ప్రశ్నించాలి. నివేదిక ముసాయిదాను సూపరింటెండెంటు కంటే ముందు సిస్టర్లకు చూపాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎవరి పేరూ బయటికి రాదన్న హామీని మొదటి రోజే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా 36.8 వెనుక ఏముందో చెప్పమని ఏ సిస్టర్‌నూ అడగకూడదు.