పదిహేను పైసల కార్డు, రెండు రూపాయల కార్డు

(కందుకూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత పోస్ట్‌మాన్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు మాస్టారు ఇందాకే రెండుసార్లు చదివారు. మూడోసారి నేను చదవను, ఏమీ అనుకోవద్దు. నన్ను ఉత్తరాలు, పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. 2022లో మన కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినా పిన్‌కోడ్ మాత్రం 523105 నుంచి కదల్లేదు. పోస్టు వాళ్లకు జిల్లా కన్నా అదే ముఖ్యం అని మొదలుపెట్టి మిమ్మల్ని కాసేపు నవ్విద్దామనుకున్నాను.

కానీ పోయిన వారం మా వీధిలో ఒకావిడ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. "అన్నా, కోటీశ్వరుడు ప్రోగ్రాంలో నాకు పాతిక లక్షలు వచ్చాయంట, ముందు పన్ను కట్టాలంట, చదివి చెప్పు" అంది. వాట్సాప్‌లో ఫోటో, దాని మీద అమితాబ్ బచ్చన్ బొమ్మ, ఒక ముద్ర. నలభై ఏళ్లు ముద్రలు కొట్టినవాణ్ణి, దొంగ ముద్ర నాకు తెలియదా! "నువ్వు ఆ ఆట ఆడావా?" అని అడిగాను. "లేదన్నా" అంది. ఆడకుండానే గెలవడం ఏందమ్మా?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె గురించి కాదు. మా అక్క గుర్తొచ్చింది.

దూరదర్శన్‌లో ‘సురభి’ అని వచ్చేది. సిద్ధార్థ్ కాక్, రేణుకా షహానే నడిపేవాళ్లు. ప్రతి వారం చూసేవాళ్లను ఒక ప్రశ్న అడిగేవాళ్లు. మన వీధిలో హిందీ ఎంతమందికి వచ్చు? మా అక్క ప్రచార సభ పరీక్షలు రాసింది, రాష్ట్రభాష దాకా పాసయింది. టీవీ ఉన్న ఇంట్లో అందరి ముందూ కూర్చుని ప్రశ్నను తెలుగులో చెప్పేది. జవాబు కార్డు మీద రాసి పంపాలి, వచ్చిన కార్డుల్లోంచి లాటరీ తీస్తారు. ఒక్క వారంలో ఆ కార్యక్రమానికి 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయని లిమ్కా రికార్డుల్లోకి ఎక్కింది. మోసేవాళ్లం మేం కదా! అప్పట్లో కార్డు పదిహేను పైసలు. ఒక్కో కార్డుకూ ప్రభుత్వమే చేతినుంచి పెట్టుకునేది. ఇలాగైతే కుదరదని పోటీలకు వేరే కార్డు తెచ్చారు. రెండు రూపాయలు.

ఇంట్లో కూర్చున్నవాడికి ఆటలో చోటిచ్చింది ఆ కార్డే. తర్వాత ఫోన్, ఆ తర్వాత ఎస్సెమ్మెస్. 2007లో కేబీసీ, అదే ఇందాకటి కోటీశ్వరుడు ప్రోగ్రాం, మూడో సీజన్ షారుఖ్ ఖాన్ చేశాడు, గుర్తుందా? ఇంటివాళ్లకు కూడా ఒక ప్రశ్న ఇచ్చారు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎస్సెమ్మెస్ చేస్తే రెండు లక్షలు. మెసేజీకి 2 రూపాయల 40 పైసలు. మన డబ్బులతోనే మనకు బహుమతి ఇస్తున్నారని ఒక సంఘం కేసు వేసింది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటి రూపాయలు కట్టమంది. 2019లో సుప్రీంకోర్టు, సాక్ష్యం లేదని దాన్ని కొట్టేసింది. కోర్టు మాట కోర్టుది. నేననేది ఒకటే. అందరికీ తెలిసిన ప్రశ్న అడిగితే అది ప్రశ్న కాదు, టికెట్. మా అక్క ఆడింది అలాంటి ఆట కాదు. ఆమె ఈ గ్రంథాలయానికొచ్చి పుస్తకాలు తిరగేసి జవాబు పట్టుకునేది. చూశారా మాస్టారూ, పుస్తకాల గురించి కూడా మాట్లాడాను.

ఆగండి. వెనక వరసలో అమ్మా, ఫోన్ తీయండి. 1930 అని రాసుకోండి. ఇలాంటి ఫోన్ మోసాల్లో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు. రాసుకున్నారా? ఆ పక్కన అబ్బాయ్, నువ్వు కూడా.

ఇప్పుడు నా సంగతి. ఒక వారం అక్క రెండు రూపాయల కార్డు రాసి నా చేతికిచ్చింది. "డబ్బాలో వేసేదెందుకు, ఇంట్లోనే పోస్టు మనిషి ఉండగా" అంది. సింగరాయకొండ స్టేషనుకు పోయే సంచిలో అది పడాలి. నా ఖాకీ సంచి అడుగున పడింది. నాలుగు రోజులకు "ఏరా, వేశావా?" అంది. "వేశానక్కా" అన్నాను. అప్పటికి నిజంగా వేశాననే అనుకున్నాను. తొమ్మిదో రోజు సంచి దులిపితే కార్డు బయటపడింది. అప్పటికి గడువు దాటిపోయింది. మరుసటి ఎపిసోడ్‌లో జవాబు చెప్పారు. అక్క రాసిందే. వీధంతా చప్పట్లు కొట్టింది. "ఈసారి నా పేరు తీస్తారేమో చూడండి" అని అక్క టీవీ దగ్గరకు జరిగి కూర్చుంది. నేను నీళ్లు తాగాలని లేచి పెరట్లోకి పోయాను.

ఇంగ్లండులో బీబీసీ వాళ్ల పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’లో ఒకసారి ఫోన్ పోటీ పెట్టి, ఫోన్లు చెడిపోతే, స్టూడియో చూడటానికొచ్చిన పిల్లతో మాట్లాడించి ఆమే ఫోన్ చేసి గెలిచినట్టు చూపించారు. 2007లో యాభై వేల పౌండ్ల జరిమానా పడింది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. నాకైతే ఎవరూ జరిమానా వెయ్యలేదు.

ఆ కార్డు ఇదిగో. ఇన్నేళ్లు నా బీరువాలో ఉంది. దీని మీద ముద్ర లేదు, చూడండి. అక్క మన ఊళ్లోనే ఉంది, మోకాళ్ల నొప్పులతో ఇవాళ రాలేదు. ఈ హాల్లో ఆమె చుట్టాలు కనీసం నలుగురు కనపడుతున్నారు. సాయంత్రానికల్లా కబురు చేరుతుంది, మన ఊరి సంగతి నాకు తెలీదా! అందుకే మాస్టారూ, నన్ను క్షమించండి, టీకి ఆగను. మీరంతా లేచేలోపే నేను ఆమె దగ్గరికి పోవాలి.